పంచాయతీ జీమెయిల్ నిండిపోయింది, పాత మెయిళ్లు తీసేయొచ్చా?

ప్రాణహిత ఆపరేటర్:
అన్నలకు నమస్తే. మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో ఒక గ్రామ పంచాయతీ. ఆఫీసు మెయిల్ అంతా మామూలు జీమెయిల్‌లోనే నడుస్తది, అదీ పాత గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) ఫోన్ నంబర్ మీద తెరిచింది. 15 జీబీ నిండి, పంచాయత్ సమితి పంపే మెయిళ్లు వెనక్కి పోతున్నయి. "2021కి ముందువన్నీ ప్రింట్ తీసి నస్తీలో (ఆఫీసు ఫైలులో) పెట్టి డిలీట్ కొట్టు" అంటున్నరు. ఘర్‌కుల్ (ఇళ్ల పథకం) జాబితా మీద ఒక ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు కూడా నడుస్తోంది. మెయిల్‌ని ఇన్నేళ్లు ఉంచాలని లెక్క ఏమన్నా ఉందా?

అహేరి దఫ్తర్:
ముందు డిలీట్ ఆపు తమ్ముడూ. దరఖాస్తు పడ్డ సమాచారాన్ని చెరిపేస్తే ఆర్‌టీఐ చట్టం సెక్షన్ 20 కింద రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా పడుతుంది. అది కట్టాల్సింది పంచాయతీ ఖాతా నుంచి కాదు, సమాచార అధికారి సొంత జేబు నుంచి. జవాబిచ్చాక కూడా మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండో అప్పీలుకు 90 రోజులు గడువుంది. ఘర్‌కుల్ మెయిళ్లను అప్పటిదాకా ముట్టుకోవద్దు. ఆడిట్ అభ్యంతరం, కోర్టు కేసు ఉన్నవాటికీ ఇదే లెక్క.

ఇక ఏళ్ల సంగతి. మెయిల్‌కని విడిగా గడువు వెతకొద్దు. అది ఏ నస్తీకి చెందితే ఆ నస్తీ వర్గమే దానికీ వర్తిస్తుంది: అ శాశ్వతం, బ 30 ఏళ్లు, క కింద 10 ఏళ్లది, 5 ఏళ్లది రెండు రకాలు, డ ఒక్క ఏడాది. ఒకే పంపినవారి నుంచి ఒకే రోజు వచ్చిన రెండు మెయిళ్లు కూడా వేర్వేరు వర్గాల్లో పడొచ్చు. "రేపు 11 గంటలకు వీసీ (వీడియో మీటింగ్)" అన్నది డ. పని మంజూరు ఆర్డర్ జతగా వచ్చిన మెయిల్ ఆ పని నస్తీతో పాటే ఉండాలి. వర్గీకరణ పట్టిక బీడీఓ ఆఫీసులో అడిగి తెచ్చుకో, అందాజాగా వేయకు. మహారాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 2005 పంచాయతీలకూ వర్తిస్తుంది. పద్ధతి తప్పి నాశనం చేస్తే 5 ఏళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంద్రావతి నెట్:
ప్రింట్ తీసి ఒరిజినల్ తీసేయడం అన్నింటికన్నా చెడ్డ సలహా. రికార్డును ఎలక్ట్రానిక్‌గా దాచాలంటే ఐటీ చట్టం 2000 సెక్షన్ 7 మూడు అడుగుతుంది: తర్వాత తెరిచి చూసేలా ఉండాలి, వచ్చిన రూపంలోనే లేదా తేడా లేదని చూపగలిగే రూపంలో ఉండాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ తేదీ ఏ టైముకు వచ్చిందో తెలియాలి. ప్రింట్‌లో హెడర్ (మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిన వచ్చిందో చూపే వివరం) పోతుంది, ఎక్సెల్ జతలో సూత్రాలు పోతాయి.

ఇంకో మాట. 15 జీబీ మెయిల్‌కు ఒక్కదానికే కాదు, డ్రైవ్, ఫోటోస్‌తో కలిపి. ముందు స్టోరేజ్ పేజీ తెరిచి ఏది ఎంత తిన్నదో చూడు. మెయిల్ ఒక్కటే అంత నింపడం అరుదు.

దాచే పద్ధతి: జీమెయిల్‌లో అ, బ, క, డ పేర్లతో లేబుళ్లు పెట్టి మెయిళ్లు సర్దు. తర్వాత గూగుల్ టేకౌట్‌లో (ఖాతా డేటా దించుకునే పేజీ) ఒక్కో లేబుల్‌ను విడిగా ఎంచుకో, ఎంబాక్స్ ఫైలు (మెయిళ్లన్నీ కలిపి ఒకే ఫైలు) వస్తుంది. ముక్క సైజు 2 జీబీ పెట్టు, మన దగ్గరి నెట్‌కు 50 జీబీ ముక్క దిగదు. లింక్ వారంలో చచ్చిపోతుంది, వెంటనే దించు. థండర్‌బర్డ్‌లోకి (కంప్యూటర్‌లో మెయిల్ చూసే ప్రోగ్రాం) ఎక్కించి మెయిళ్ల లెక్క సరిపోయిందా, జతలు తెరుచుకుంటున్నాయా చూడు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఒక్కో ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు మారితే ఇదీ మారుతుంది) తీసి రిజిస్టర్‌లో రాయి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హాష్ అడుగుతున్నారు. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి వేరే బిల్డింగులో. పెన్ డ్రైవ్‌ను నమ్మొద్దు.

ప్రాణహిత ఆపరేటర్:
నిజమే అన్నా, ఫోటోలే 11 జీబీ. పాత గ్రామసేవక్ ఫోన్ బ్యాకప్ అంతా ఇందులోకే వచ్చింది. పనుల ఫోటోలు, ఇంటి పెళ్లి ఫోటోలు కలిసిపోయినయి. థండర్‌బర్డ్‌లో ఖాతా కలిపి ఉంచితే బ్యాకప్ అయినట్టే కదా?

ఇంద్రావతి నెట్:
కాదు. ఐమ్యాప్‌లో (సర్వర్‌లో ఉన్నదాన్నే చూపే పద్ధతి) కలిపితే అది అద్దం లాంటిది, జీమెయిల్‌లో తీసేస్తే అక్కడా పోతుంది. లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేస్తేనే నిలుస్తుంది. ఫోటోల్లో పెళ్లివి ఆయనకిచ్చి తీసెయ్. పనులవి ఆ పని నస్తీ రికార్డే. ఒరిజినలే దించు, వాట్సాప్‌లో ఫోటోగా పంపుకుంటే లొకేషన్ వివరం రాలిపోతుంది. స్థలం ఖాళీ కావడానికి చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి, లేకుంటే మెయిళ్లు 30 రోజులు అందులోనే కూర్చుంటాయి.

అహేరి దఫ్తర్:
ఖాతాకు రికవరీ నంబర్‌గా ఉన్న ఆ పాత గ్రామసేవక్ నంబర్‌ను ఈ వారమే మార్పించు. లేకుంటే బదిలీ అయిన మనిషి చేతిలోనే తాళం ఉన్నట్టు. జిల్లా పరిషత్ ద్వారా పదవి పేరు మీద గవ్ డాట్ ఇన్ మెయిల్ కోసం రాయండి. అది వచ్చినా పాతదాన్ని మరిచిపోకండి, రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయొచ్చు. చార్జ్ అప్పగింత జాబితాలో ఖాతా, నంబర్, హార్డ్ డిస్కులు ఒక వరుసలో రాయాలి.

డ వర్గం తీసేటప్పుడు వర్గం, తేదీల మధ్య కాలం, ఎన్ని మెయిళ్లు, ఎవరి ఆదేశం అని జాబితా తీసి సంతకం పెట్టించు. ఆ జాబితాను డ గఠ్ఠాలో (కట్టలో) కట్టకు, ఏడాదికే పోతుంది.