అప్‌డేట్: లారీ క్యాబిన్‌కు ఎరుపు తిరిగి వచ్చింది

ఎర్రగుంట్ల సిమెంటు లోడ్లకు తిరిగే మా పాత లారీ క్యాబిన్ వెలిసి, సున్నం పూసినట్లు అయిందని, మళ్లీ పెయింట్ వేయించాలా అని నెల క్రితం అడిగాను. ముందు పాలిష్ చేసి చూడమన్నారు. చేశాను. పెయింట్ ఖర్చు తప్పింది, మీ అందరికీ కృతజ్ఞతలు.

ఆదివారం ఉదయం 6 గంటలకే వేపచెట్టు నీడలో మొదలుపెట్టాను. కడప ఎండకు రేకు వేడెక్కితే షాంపూ కడిగేలోపే ఎండిపోతుంది. పొడి గుడ్డ తగలనివ్వకుండా ముందు పైపుతో దుమ్మంతా వదిలించాను. గట్టిపడిన సిమెంటు మచ్చల మీద, వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిపిన గుడ్డను కాసేపు ఉంచి, వెంటనే బాగా కడిగాను. గోకలేదు.

పాలిష్ రుద్దుతుంటే గుడ్డకు ఎరుపు అంటుకోగానే గుండె జారింది. అప్పుడు మీలో ఒకరి మాట గుర్తొచ్చింది: పైన క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని పెయింట్ అయితే, పాడైన పై పొర అలాగే రంగుగా వస్తుంది. అంచుల దగ్గర పెయింట్ పలుచన కాబట్టి అక్కడ చెయ్యి తేలిక చేశాను. ఒక్క తలుపుకే గంట పట్టింది.

వ్యాక్స్ పలుచగా ఒక్క పూత వేశాను. మా బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడతాయి, కడగగానే తుడవాల్సిందే.

పైకప్పు ఇంకా మిగిలింది. ఈ బండి కొన్నది నాన్నగారు. నిన్న తలుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు.