ఉగాది సాయంత్రం ప్రేమకథల ట్రైలర్లు: మన అరగంట ఎలా ఉండాలి?

సాంస్కృతిక విభాగం:

అందరికీ నమస్కారం. మార్చి 21 శనివారం మన మెల్‌బోర్న్ ఉగాది వేడుకలో పిల్లల డాన్సులయ్యాక, భోజనాలకు ముందు మనకు అరగంట టైమ్ దొరికింది. తెలుగు ప్రేమకథా చిత్రాల ట్రైలర్లు వేసి, అవి మనల్ని ఎలా పట్టుకుంటాయో హాల్లో అందరితో కలిసి మాట్లాడాలని అనుకున్నాం. బాధ్యత నాది. ఇంకో ఆరుగురు వలంటీర్లు కావాలి. ముందు నా మనసులో ఉన్నది చెప్తాను, తర్వాత మీరు సరిదిద్దండి.

మొన్న దీపావళికి ఏం జరిగిందో తెలుసు కదా. తొమ్మిది ట్రైలర్లు వరసపెట్టి వేశాం. ఎంపిక చేసింది నేనే. మూడోది అయ్యేసరికి వెనక కుర్చీలు ఖాళీ అయ్యాయి, జనం టీ దగ్గరికి వెళ్లిపోయారు. ఐదోది నడుస్తుండగా ముందు వరసలో ఒక పెద్దాయన పక్కనున్న మనవణ్ణి, "ఇదీ ఇందాకటి సినిమాయేనా?" అని అడిగారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. వాన, బస్టాపు, గాలికి ఎగిరే చున్నీ, బైక్ మీద ఇద్దరు, అమ్మాయి తండ్రి కోపం, ఆఖర్న గడ్డం పెంచిన అబ్బాయి. వరసగా చూస్తే తొమ్మిదీ ఒకటే కథ. అదే ఇంట్లో కూర్చుని ఒక్కటి చూశామంటే గుండె పట్టేస్తుంది, ఇంకోసారి చూస్తాం, ఫ్రెండ్‌కి పంపుతాం. లోపం ట్రైలర్లలో లేదు, మనం వేసిన తీరులో ఉంది.

అందుకని ఈసారి మూడే. ఒక్కోటి అవ్వగానే లైట్లు సగం వెలిగించి ఆరేసి నిమిషాలు మాట్లాడుకుందాం.

ట్రైలర్ కిటుకు నాకు తెలిసింది మా అమ్మమ్మ ట్రంకుపెట్టె దగ్గర. అందులో పాత సినిమా పాటల పుస్తకాలు ఉండేవి. నాసిరకం కాగితం, పిన్ను ఊడిన పేజీలు, అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. పాటలకు ముందు కథ క్లుప్తంగా వేసేవారు. ఇద్దరూ కలిశారు, ప్రేమించుకున్నారు, పెద్దవాళ్లు కాదన్నారు, అమ్మాయికి వేరే సంబంధం కుదిరింది. సరిగ్గా అక్కడ ఆపేసి, మిగతా కథ వెండితెరపై చూడండి అని ఉండేది. చిన్నప్పుడు ఆ లైను దగ్గర నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇవాళ్టి రెండు మూడు నిమిషాల ట్రైలర్ చేసేదీ అదే. వాళ్ల ప్రేమ ఎంత గట్టిదో చూపిస్తుంది, దానికి ఏం అడ్డొచ్చిందో ఒక్క మాటలో చెప్తుంది, ఆ అడ్డు దాటారా లేదా అన్నది దాచేస్తుంది. ఫైట్ల సినిమాలో హీరో గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు, ఎలా కొడతాడో చూడటానికి వెళ్తాం. ప్రేమకథలో వాళ్లు ఒకటవుతారో లేదో మనకు నిజంగానే తెలియదు. ఆ తెలియకపోవడమే టికెట్ కొనిపిస్తుంది.

నాకు తెలిసిన గట్టి ఉదాహరణ 'ఏ మాయ చేసావె'. గౌతమ్ మేనన్ ఒకే కథను తెలుగులో నాగచైతన్య, సమంతలతో, తమిళంలో శింబు, త్రిషలతో తీసి, 2010 ఫిబ్రవరి 26న రెండింటినీ ఒకే రోజు విడుదల చేశారు. హిందూ అబ్బాయి, వయసులో అతనికంటే కాస్త పెద్దదైన క్రిస్టియన్ అమ్మాయి, ఒప్పుకోని తండ్రి. అంతవరకు రెండూ ఒకటే. ముగింపులు వేరు. ఒకే ప్రశ్నకు తెలుగువాళ్లు ఒక జవాబు చూశారు, తమిళులు ఇంకోటి చూశారు. ఈ సంగతి హాల్లో చెప్పి, మీరైతే ఎలా ముగించేవాళ్లు అని అడిగితే చాలు, జనం వాళ్లంతట వాళ్లే మాట్లాడతారని నా నమ్మకం.

సౌండ్, స్క్రీన్:

అక్కా, నేనున్నాను. టైమ్ మాత్రం మార్చాలి. ఆ హాలుకి పడమర వైపు పెద్ద కిటికీలు, కర్టెన్లు పల్చన. ఏప్రిల్ వచ్చేదాకా మనం గడియారాలు వెనక్కి తిప్పం కాబట్టి మార్చి మూడో వారంలో దాదాపు ఏడున్నర దాకా పొద్దు ఉంటుంది. ప్రేమకథల్లో సగం షాట్లు సాయంత్రం వెలుగులోనో రాత్రి వానలోనో తీస్తారు. తెర మీద ఎండ పడితే ఆ ముఖాలు అస్సలు కనబడవు. ఏడుంబావుకి అనుకున్నది ఏడూ నలభై ఐదుకి జరపండి.

నిన్న హాలుకి వెళ్లి ఒక ట్రైలర్ వేసి చూశాను. వీటిలో సౌండ్ చాలా పని చేస్తుంది. అమ్మాయి మాట ముందు వినిపిస్తుంది, తెర మీద ఖాళీ ప్లాట్‌ఫాం ఉంటుంది. ఎవరా అని మనం వెతుక్కుంటుండగా మనిషి కనబడుతుంది. పాట కూడా అంతే. మన దగ్గర ట్రైలర్ కంటే ముందే లిరికల్ వీడియోలు వచ్చేస్తాయి కాబట్టి రెండు లైన్లు వినిపిస్తే చాలు, మిగతా పాట చూసేవాళ్ల మనసులోనే నడుస్తుంది. ఆ పాట బాగా పైకి వెళ్లినప్పుడు ఠక్కున ఆపేసి, ఒక సెకనో రెండు సెకన్లో ఏమీ వినిపించకుండా ఉంచి, అప్పుడు ఒక్క డైలాగ్ వదులుతారు. గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపించేది అక్కడే. నిన్న సరిగ్గా ఆ నిశ్శబ్దంలో మాకు వినిపించింది వంటగదిలో పెద్ద ఫ్రిజ్ మోత. షట్టర్ దించి మళ్లీ వేశాను, అప్పుడు కుదిరింది. కాబట్టి ఆ అరగంటా షట్టర్ దించే ఉండాలి. వంటల టీమ్, ప్లీజ్.

యూట్యూబ్‌లోంచి నేరుగా వేద్దాం, మధ్యలో యాడ్స్ రాని అకౌంట్ నా దగ్గర ఉంది. పబ్లిక్‌గా వేస్తున్నాం కాబట్టి నిర్మాణ సంస్థలను ముందుగా అనుమతి అడిగితే మంచిది.

వంటల టీమ్:

షట్టర్ దించుతాం. బొబ్బట్లు వేడిగా వడ్డించాలంటే ఎనిమిదింబావు దాటకూడదు. అంతకు మించి సాగదీయకండి.

తెలుగు బడి టీచర్:

పిల్లల గురించి ఒక మాట. ఇక్కడ పుట్టిన పిల్లలకు డైలాగులు సగమే అర్థమవుతాయి, సబ్‌టైటిల్స్ ఉంటే తప్పకుండా పెట్టండి. అయితే నా క్లాసులో గమనించాను, ట్రైలర్ చూసేటప్పుడు వాళ్లకు భాష అంత అడ్డం రాదు. కళ్లు చూస్తారు. అబ్బాయి చూస్తున్నాడు, అమ్మాయి తల తిప్పుకుంది, ఆ రెండు షాట్లు పక్కపక్కన పడితే పన్నెండేళ్ల పిల్ల కూడా "వాళ్లకి గొడవైంది" అని చెప్పేస్తుంది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూపించలేదు, ఆ పిల్లే అల్లుకుంది.

మూడింటిలో ఒకటి 'ఫిదా' ఉండాలని నా కోరిక. 2017లో శేఖర్ కమ్ముల తీశారు. బాన్సువాడ అమ్మాయి, అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి. అక్కడ అడ్డు కులమూ కాదు, డబ్బూ కాదు. నాన్నని, ఊరిని వదిలి అంత దూరం నేనెందుకు వెళ్లాలి అన్న ప్రశ్న. మన హాల్లో కూర్చునే ఆడవాళ్లలో ఈ ప్రశ్న తనను తాను అడుక్కోనివాళ్లు ఎంతమంది ఉంటారు? నేను అడుక్కున్నాను, ఎయిర్‌పోర్టులో, నాన్న ట్రాలీ వదలకుండా పట్టుకుని నిలబడితే. ఇంకోటి, తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి ఆ సినిమాకి తెలంగాణ యాసలో తనే డబ్బింగ్ చెప్పుకుంది. నిజామాబాద్ నుంచి వచ్చిన మా పక్కింటావిడకి ఫోన్‌లో ఆ ట్రైలర్ చూపిస్తే, ఆ గొంతు వినగానే ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. ట్రైలర్‌లో మన ఊరి మాట వినబడితే ఇక ఆ కథ మనదే.

ఎంపిక చేసినవి పిల్లల ముందు వేయదగ్గవేనా అని ముందే ఇద్దరు తల్లులు చూడాలి. నేను ఒకరిని, ఇంకొకరు రండి.

ఆఖర్న పిల్లలు సొంతంగా తీసిన ఒక నిమిషం ట్రైలర్ వేద్దామా? పెద్ద క్లాసులో ఎనిమిదిమంది ఉత్సాహంగా ఉన్నారు, ఫోన్‌తోనే తీస్తారు. కథ మాత్రం దొరకలేదు. ఈ వయసు పిల్లలతో ప్రేమకథ అంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

సీనియర్ల విభాగం:

అమ్మాయీ, నీ పాటల పుస్తకం ముక్క చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా చిన్నప్పుడు ఊళ్లోకి సినిమా రిక్షా వచ్చేది. రెండు పక్కలా పోస్టర్లు అంటించిన తడికలు, పైన మైకు. నేడే చూడండి అని అరుస్తూ రంగురంగుల కరపత్రాలు విసిరేవాడు, మేం వెనకాలే పరుగు. గ్రామఫోన్ రికార్డు పెట్టి పల్లవి, ఒక్క చరణం వినిపించి, రెండో చరణం ఎత్తుకోగానే ముల్లు ఎత్తేసి వీధి మలుపు తిరిగేవాడు. ఆ రెండో చరణం కోసం సాయంత్రం హాలుకి పోయేవాళ్లం. మా ట్రైలర్ అదే.

1978లో 'మరో చరిత్ర' వచ్చినప్పుడు నేను విశాఖలో చదువుకుంటున్నాను. తెలుపు నలుపు సినిమా. తెలుగమ్మాయి, తమిళ అబ్బాయి. ఏడాదిపాటు కలవకూడదు, మాట్లాడుకోకూడదు, అప్పటికీ ప్రేమ ఉంటే పెళ్లి చేస్తామని పెద్దల షరతు. మా హాస్టల్లో ఒకడు చూసి వచ్చి ఈ షరతు దాకా చెప్పి, ఇంక చెప్పను పొమ్మన్నాడు. మర్నాడు అందరం వెళ్లాం.

టీచరమ్మా, పిల్లలకు కథ కావాలంటే మాది తీసుకోండి. పెళ్లి కుదిరాక నాకు భిలాయ్‌లో ఉద్యోగం వచ్చింది, మీ పిన్ని కాకినాడలో. ముహూర్తం ఎనిమిది నెలలు వాయిదా పడింది. ఆ ఎనిమిది నెలలూ ఇన్‌లాండ్ లెటర్లే. నీలం కాగితం, మూడు మడతలు, చోటు చాలక అంచుల మీద కూడా రాసినవి. ఇరవై మూడు ఉన్నాయి, ఇక్కడికి కూడా తెచ్చుకుంది. పిల్లలకు చూపించడానికి ఇస్తానంది, చదవడానికి మాత్రం వీల్లేదంది.

సాంస్కృతిక విభాగం:

బాబాయ్ గారూ, ఇది చదివి నేను లేచి నిలబడ్డాను. పిన్ని గారు చదవనివ్వకపోవడమే మాకు కావాలి. 2022లో వచ్చిన 'సీతారామం' మొత్తం ఒక ఉత్తరం మీద నడిచింది. ఒక సైనికాధికారి రాసిన ఉత్తరాన్ని, ఇరవై ఏళ్ల తర్వాత, 1985లో ఒకమ్మాయి సీతామహాలక్ష్మికి చేర్చాలి. కవరు మన కళ్లముందే ఉంటుంది, అందులో ఏముందో తెలియదు. మూడో ట్రైలర్ అదే వేద్దాం. దాని తర్వాత లైట్లు వెలిగించకుండా నేరుగా పిల్లల ట్రైలర్.

టీచర్ గారూ, పిల్లలు పిన్ని గారి చేతులు తీస్తే చాలు. పెట్టె తెరవడం, మడత విప్పడం, అంచు మీది అక్షరాలు మసకగా కనబడటం. బాబాయ్ గారి గొంతు మీద ఒక్క వాక్యం. ఆవిడ చదువుకుంటూ నవ్వుతారు, అక్కడ కట్ చేయండి.

మొత్తం వరస ఇది: ఏడూ నలభై ఐదుకి 'ఫిదా', తర్వాత 'ఏ మాయ చేసావె', తర్వాత 'సీతారామం', చివర పిల్లలది. యాంకర్‌గా చేసేవాళ్లకి ఒక్క మనవి. ట్రైలర్ అవ్వగానే "ఎలా ఉంది?" అని అడగొద్దు, "బాగుంది" అని ఊరుకుంటారు. "ఏం చూపించలేదు?" అని అడగండి. మైకు ముందు పెద్దవాళ్ల దగ్గరికి, తర్వాత పిల్లల దగ్గరికి.

అనుమతుల మెయిల్స్ ఈ వారమే నేను పంపిస్తాను. దేనికైనా జవాబు రాకపోతే దాన్ని తీసేసి, ఆ టైమ్‌లో బాబాయ్ గారిని రిక్షా గురించి మాట్లాడమని అడుగుతాను. ఇంకా కావల్సింది యాంకర్లు ఇద్దరు, లైట్ల దగ్గర ఒకరు, మైకులు తిప్పడానికి ఇద్దరు, వంటగది తలుపు దగ్గర ఒకరు. రిహార్సల్ 20వ తేదీ శుక్రవారం రాత్రి ఎనిమిదికి, హాల్లోనే. పేరు కింద రాయండి.

సీనియర్ల విభాగం:

వంటగది తలుపు దగ్గర నేను నిలబడతాను. పిన్ని ఉత్తరాల పెట్టె ఆదివారం బడికి తెస్తుంది, తనే పట్టుకుని ఉంటుందట.