ఎర్ల్ స్క్రగ్స్ బ్యాంజోలో నాకు వేగం తప్ప ఏమీ వినపడటం లేదు

ప్రశ్న:
బ్యాంజో అనే తీగవాయిద్యం మొదలుపెట్టి 8 నెలలైంది. ఎవరిని అడిగినా ముందు అమెరికన్ బ్యాంజో కళాకారుడు ఎర్ల్ స్క్రగ్స్‌ను వినమంటున్నారు. విన్నాను, కానీ అంత వేగంలో నాకేమీ అందలేదు. అందులో ఏం వినాలి? ఆయన గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
వేగాన్ని వదిలేసి ఆయన బొటనవేలిని వినండి. అది నా చెవికి పట్టడానికి రెండేళ్లు పట్టింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరసగా మీటుతుంటాయి, దీన్నే రోల్ అంటారు. ఎనిమిది స్వరాలను మూడు వేళ్లు పంచుకోవాలి, అందుకే చాలాచోట్ల 3, 3, 2గా విడిపోతాయి. దాంతో పాటలోని స్వరం ఒకసారి సరిగ్గా తాళం దెబ్బ మీద, ఇంకోసారి కాస్త ముందు పడుతుంది. అంత పరుగులోనూ పాట చెదరదు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది అక్కడే.

మూడు వేళ్ల పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. నార్త్ కరోలినాలో స్నఫీ జెంకిన్స్ లాంటివాళ్లు అప్పటికే అలా వాయించేవారు. పాట పక్కన మోగే వాయిద్యాన్ని ముందు వరసలోకి తెచ్చింది మాత్రం స్క్రగ్సే.

1924లో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయారు. యుద్ధం రోజుల్లో మిల్లులో పనిచేశారు. 1945 డిసెంబర్‌లో బిల్ మన్రో అనే గాయకుడి బృందంలో చేరారు. బ్లూగ్రాస్ (తీగవాయిద్యాలతో సాగే అమెరికన్ పల్లె సంగీతం) అంటే ఈ రోజు మన చెవిలో మోగే శబ్దం ఆ బృందంలోనే కుదిరింది. 1948లో బయటికొచ్చి, అదే బృందంలోని గాయకుడు లెస్టర్ ఫ్లాట్‌తో సొంత బృందం పెట్టారు.

ఇంకో జవాబు:
ఆయన భార్య లూయీజ్‌ను మరిచిపోవద్దండీ. ప్రోగ్రాంలు, కాంట్రాక్టులు అన్నీ ఆవిడే చూసుకునేవారు. ఆ రోజుల్లో ఈ రంగంలో ఆడవాళ్లు మేనేజర్‌గా ఉండటం చాలా అరుదు.

ప్రశ్న అడిగినవారు:
మరి 1969లో ఫ్లాట్‌తో ఎందుకు విడిపోయారు?

మొదట జవాబిచ్చినవారు:
ఫ్లాట్‌కు పాత బాణీయే ఇష్టం. స్క్రగ్స్‌కు కొడుకులతో కలిసి కొత్త సంగీతం వాయించాలని ఉండేది. తర్వాత వాళ్లతోనే ఎర్ల్ స్క్రగ్స్ రెవ్యూ అనే బృందం నడిపారు. పేరు తెచ్చిన దారినే పట్టుకుని కూర్చోలేదు, దానికి నాకు చాలా గౌరవం.

మీరు ఆయన వాయించిన 1949 నాటి 'ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్' సగం వేగంలో పెట్టుకోండి. బ్యాంజో ముట్టుకోకుండా కాలితో దెబ్బ వేస్తూ వినండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే విన్నానండీ. కాలు కింద పడకముందే స్వరం వచ్చేస్తోంది! మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. రేపు రోల్ ఒక్కటే, నిదానంగా సాధన చేస్తాను.