అప్‌డేట్: స్టేక్ గోరువెచ్చగా, సాస్ మీద పొర కట్టి వచ్చింది – కారణం దొరికింది

పేరున్న రెస్టారెంట్‌లో స్టేక్ మీడియం రేర్‌గా (లోపల ఎర్రగా ఉండేలా) అడిగితే మీడియం దాకా (ఇంకాస్త ఎక్కువగా) ఉడికి వచ్చిందని, అదీ గోరువెచ్చగా ఉందని, లోపం వంటదా సర్వీస్‌దా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"పాస్ దగ్గర (వంటగదిలో సిద్ధమైన ప్లేట్లు సర్వర్ల కోసం ఉంచే చోట) ఆగి ఉంటుంది" అన్నవాళ్ల మాటే నిజం. మేనేజర్ ఆర్డర్ టైమ్‌లు చూసి అదే చెప్పారు. మా టేబుల్‌కే ఒక వెల్‌డన్ (పూర్తిగా ఉడికిన) స్టేక్ ఆర్డర్ ఉంది. దాన్ని ముందుగా మొదలుపెట్టాలి, పెట్టలేదు. అది అయ్యేదాకా మిగతా ప్లేట్లు హీట్ ల్యాంప్ కింద ఉన్నాయి. పైనుంచి వేడికి సాస్ ఎండి పొర కట్టింది, కిందనుంచి చల్లటి ప్లేట్ వేడిని లాగేసింది. పొయ్యి దిగాక కూడా మాంసం లోపలి వేడి 3–5 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించినది మీడియంలోకి జారిపోయింది. అంటే గ్రిల్ దగ్గర వండినవాళ్ల తప్పు గానీ, తెచ్చి పెట్టినవాళ్ల తప్పు గానీ కాదు. ఆర్డర్లను సమన్వయం చేసేవాళ్లది.

ఏసీ గాలి, మాంసం నాణ్యత, టేబుల్ దూరం: వీటికి ఈ లోపంతో సంబంధం లేదు.

ప్లేట్ అంచు తాకి చూడమన్న సలహా చాలా పనికొచ్చింది. వేడి వంటకం కింద అంచు చల్లగా ఉంటే మొదటి ముద్దకే చెప్పండి. సగం తిన్నాక చెబితే వాళ్లకి సరిచూసే వీలుండదు.