మన నల్గొండ ఫణిగిరి శిల్పాలు పట్నంలోనే ఉండాలా?

పానగల్లు పిల్లోడు: పోయిన ఆదివారం పిల్లలతో ఛాయా సోమేశ్వరం గుడికి పోయాం. లింగం మీద ఆ నీడ పొద్దంతా అట్లనే నిలబడుతుంది కదా, అది ఏ స్తంభం నీడో చూపించమని మా చిన్నది పట్టుబట్టింది. నాకు చేతకాలేదు. అక్కడి నుంచి పాత బౌద్ధ క్షేత్రం ఫణిగిరి గుట్ట ఎక్కాం. స్తూపం ఉంది, విహారాల ఇటుక గోడలున్నాయి. ఫోన్‌లో చూపించిన చెక్కిన రాతి తోరణం ఏది నాన్నా అంది. వారసత్వ శాఖ వాళ్ల దగ్గర హైదరాబాద్‌లో ఉందని చెప్పాను. 2023లో ఇక్కడి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా పోయాయి. ఊరి పిల్లలు మాత్రం చూడలేదు. గుట్ట కిందే మ్యూజియం కట్టాలంటాను. మీరేమంటారు?

గడియారం సెంటర్: గుట్ట మనది, బొమ్మలు పట్నంవి. మంచి లెక్క.

పేటవాసి: ఫణిగిరి సూర్యాపేట జిల్లా. టైటిల్ మార్చండి.

సోషల్ సార్: కట్టడం సరే, తాళం తీసేదెవరు? నేను సర్కారు బడిలో సోషల్ చెప్తాను. మూడేళ్ల కింద 40 మంది పిల్లలతో ఒక మ్యూజియానికి పోయాను, ఎక్కడిదో చెప్పను. తాళం వేసి ఉంది. చెట్టు కింద పులిహోర తిని తిరిగొచ్చాం. బస్సు కిరాయి నా జేబులోంచే పోయింది. ఫణిగిరి రాయి సున్నపురాయి, దాని మీద చెక్కడం దారమంత సన్నం. అట్లాంటిదాన్ని తెచ్చి ఎవరి చేతిలో పెడతారు?

పానగల్లు పిల్లోడు: పేటవాసి అన్నా, 2016 అక్టోబర్ దాకా నల్గొండే కదా. గుట్ట జరగలేదు.

పేటవాసి: ఇప్పుడు ఏ సంవత్సరం?

కృష్ణగట్టు: సార్, అలంపురం వచ్చి చూడండి. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు, వాటి పక్కనే మ్యూజియం. గుళ్లో చూసిన శిల్పి చేతినే లోపలి బొమ్మలో గుర్తుపడతాం. అదే బొమ్మను పట్నంలో అద్దాల వెనక పెడితే పేరు చీటీ చదివి ముందుకు పోతాం.

సోషల్ సార్: అలంపురానికి జోగులాంబ అమ్మవారి కోసం జనం వస్తారు. ఫణిగిరికి ఎవరొస్తారు?

తేలియా రుమాల్: నాగార్జునకొండ సంగతి కూడా చెప్పుకోండి. లోయ మునుగుతుందని కట్టడాలను పైకి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారు, మ్యూజియం పెట్టారు. చుట్టూ నీళ్లు. లాంచీ నడిచిన రోజే దర్శనం.

సోషల్ సార్: నేననేదీ అదే. చోటు కాదు, నడిపే మనిషి ముఖ్యం.

కృష్ణగట్టు: ఎవరొస్తారు అని మీరెట్లా తేలుస్తారు? 2024లో అదే గుట్ట మీద ఒక్క మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. దొరికిందల్లా మూటగట్టి పంపుకుంటూ పోతే జనం ఏం చూద్దామని రావాలి? సార్, మీకో మాట చెప్తాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. మంచి పనే, దండం పెడతాను. అదే నీళ్లలో మా తాత ఇల్లు పోయింది. దాన్ని ఎవరూ విప్పలేదు. పరిహారం కాగితం పట్టుకుని మా నాన్న చెప్పులరిగేలా తిరిగాడు. ఊరి నుంచి తీసుకుపోవడమే తెలుసు మీకు.

సోషల్ సార్: "మీకు" అంటే ఎవరికి? నేనేమన్నా ప్రాజెక్టు కట్టానా?

గడియారం సెంటర్: మెల్లగా, మెల్లగా.

కృష్ణగట్టు: మిమ్మల్ని అనలేదు సార్. కానీ ఊళ్లో ఉంటే పాడైపోతుంది అనే మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాం.

సోషల్ సార్: ఊరివాళ్లు పాడుచేస్తారని నేననలేదు. ఊరికి భవనం ఇచ్చి మనిషిని ఇవ్వరని అంటున్నాను. ఆ రోజు మా పిల్లల్లో ఒకడు, సార్, రేపు మళ్లీ వద్దామా అన్నాడు. మళ్లీ తీసుకుపోలేదు. ఆ ఊరి డిగ్రీ పిల్లలనే నలుగురిని జీతం మీద పెట్టనీయండి, తోరణం అక్కడికి తెమ్మని మొదటి సంతకం నేనే పెడతా.

కృష్ణగట్టు: జీతం సంగతి ముందే రాయిస్తే రెండో సంతకం నాది.

పానగల్లు పిల్లోడు: అయితే అర్జీ నేను రాస్తా. కలెక్టర్‌కు ఇవ్వాలా, వారసత్వ శాఖకా?

పేటవాసి: సూర్యాపేట కలెక్టర్‌కు. టైటిల్ ఇంకా మార్చలేదు.