గ్లాస్గో పాత వెరైటీ థియేటర్ల (పాటలు, గారడీ, కామెడీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే షోలు వేసేవి) గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

సాకీహాల్ స్ట్రీట్‌లో ఎంపైర్ థియేటర్ అని ఉండేది కదా, 1963లో మూసేసి కూల్చేశారు, ఇంగ్లిష్ కమెడియన్లకి అక్కడి జనం అంటే హడల్ అంట (నవ్వు రాకపోతే అంతే సంగతులు). నాకు కావాల్సింది చిన్న విషయం. వెరైటీ షోల్లో స్టేజీ పక్కన లైట్లతో నంబర్ వెలిగేది, ప్రోగ్రాం కాగితంలో ఆ నంబర్ చూసుకుంటే ఇప్పుడు వచ్చేది గారడీనా పాటా అని తెలిసిపోయేది. మరి చివరి నిమిషంలో వరస మారితే ఏం చేసేవాళ్ళు, ఆ నంబర్ ఎవరు మార్చేవాళ్ళు? గ్లాస్గోలో ఉంటున్న మనవాళ్ళు ఎవరైనా అక్కడి పెద్దవాళ్ళని కాస్త అడిగి చెప్తారా ప్లీజ్? యూనివర్సిటీలో స్కాటిష్ థియేటర్ ఆర్కైవ్ ఉంది, అందులో పాత ప్రోగ్రాంలు చూసినవాళ్ళున్నా చెప్పండి. అక్కడి పాత థియేటర్లలో బ్రిటానియా పనోప్టికన్ ఒక్కటైనా మిగిలింది, నయం.