అప్‌డేట్: పులిపిర్లకి వ్యాక్సిన్ గురించి అడిగాను కదా, మొదటి డోసు అయింది

సిరిమాను పండగ ముందు అడిగాను గుర్తుందా, మర్మాంగం దగ్గర పులిపిర్లు కాల్పించుకున్న మూడు నెలలకే మళ్ళీ రెండు వచ్చాయి, ఈ పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కి వ్యాక్సిన్ ఉంది కదా, అది వేసుకుంటే ఆగుతాయా అని. డాక్టర్నే అడుగు అన్నారు, సరే అని వెళ్ళాను. విజయనగరంలో అయితే తెలిసినోళ్ళు కనపడతారని శ్రీకాకుళం బస్సెక్కితే అక్కడ ఆసుపత్రి బెంచీ మీద మా పెద్దమ్మ కొడుకే కూర్చున్నాడు, తామరకి వచ్చాడట, ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం ఇంకేటి చేస్తాం.

డాక్టరుగారు చెప్పిందేటంటే ఇది టీకా, మందు కాదు, ఉన్న పులిపిర్లని తగ్గించదు, ఒంట్లో దూరిన వైరస్‌ని తీసేయదు. నూటికి 90 వరకూ ఇవి ఆ వైరస్‌లో 6, 11 నంబర్ల రకాల వల్లే వస్తాయట, ఆ రెండూ టీకాలో ఉన్నాయి, కేన్సర్ తెచ్చే 16, 18 కూడా. మళ్ళీ రాకుండా ఆపుతుందా అంటే స్టడీలు ఒక్కోటి ఒక్కోలా చెప్తున్నాయి బాబూ, గ్యారంటీ ఇవ్వలేను, కానీ నీకింకా తగలని రకాల నుంచి కాపాడుతుంది అన్నారు. నాకు 24 కాబట్టి 3 డోసులు, ఇప్పుడొకటి, 2 నెలలకి, 6 నెలలకి.

కొత్తగా వచ్చిన రెండింటికీ గడ్డకట్టించే చల్లటి ద్రవ నైట్రోజన్ పెట్టారు, తెల్లగా మంచులా గడ్డకట్టి మర్నాటికి పొక్కింది, అబ్బో మంట. సూది మాత్రం ఏం లేదు, రెండ్రోజులు జబ్బ నొప్పంతే.

మాఘంలో పెళ్ళి, అమ్మాయికి చెప్పేశాను. అరగంట మాట్లాడలేదు, తర్వాత నేనూ వేయించుకోవాలా అని అడిగింది. సంక్రాంతి అయ్యాక ఇద్దరం కలిసే వెళ్తున్నాం.